ఏడాదికని కట్టిన షెడ్డు

మనవరాలికి కాలేజీలో సీటు వచ్చిందన్న కబురు విని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. హాస్టల్లో కూడా చోటు దొరికిందనగానే ఇంకా సంబరపడ్డారు. ఏ హాస్టలు అని అడిగినవాడు మేస్త్రి ఒక్కడే.

"రేకుల షెడ్డు తాతయ్యా! అందరూ అదే కావాలంటారు. రాసిపెట్టి ఉంటే గానీ దొరకదు" అంది ఆ పిల్ల ఫోనులో.

మేస్త్రి ఫోను భార్య చేతికిచ్చి గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. ఆవిడ మాట్లాడడం ముగించి వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు. ఏమైందని ఆవిడ అడగలేదు. కాపురానికొచ్చిన కొత్తలోనే ఆవిడకు ఆ షెడ్డు సంగతి తెలిసిపోయింది. దాన్ని కట్టింది ఆయనే. అది ఏదో ఒక గాలివానకు లోపలున్న ఆడపిల్లల మీద కూలుతుందని నలభై ఏళ్ళుగా హడలిపోతున్నదీ ఆయనే.

అసలు అది ఇన్నేళ్ళు ఉంటుందని ఎవరూ అనుకోలేదు, అందరూ కోరుకునే హాస్టలు అవుతుందని అంతకంటే అనుకోలేదు. ఫాదర్లు నడిపే ఆ కాలేజీలో అప్పటిదాకా అందరూ మగపిల్లలే. ఒక ఏడు ఆడపిల్లల్ని కూడా చేర్చుకుందామని పెద్దలంతా కూర్చుని తీర్మానించారు. ఫారాలు పంచారు, పరీక్ష పెట్టారు, చేర్చుకున్నారు. చదువుకునే పిల్లలకు నిద్ర కూడా వస్తుందన్న సంగతి మాత్రం ఆ పెద్దలకు ఆఖర్న గుర్తొచ్చింది. వాళ్ళకోసం మూడంతస్తుల హాస్టలుకు బిషప్ గారు శంకుస్థాపన చేసి వెళ్ళారు గానీ, శంకుస్థాపన రాయి మీద పిల్లలు పడుకోలేరు కదా.

అప్పటి ప్రిన్సిపాల్ ఫాదర్ తాటిచెట్టంత మనిషి. అందరూ పొడుగు ఫాదర్ అనేవారు. ఆయన మన మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రికి అప్పటికి మీసం సరిగ్గా రాలేదు, పెళ్ళయి ఆరు నెలలు కాలేదు, కాలేజీలో బెంచీలు బాగుచేసే వడ్రంగి పని దొరికిందని మామగారింట్లో గొప్పలు చెప్పుకుంటున్న రోజులు.

"పాత చాపెల్ విప్పిన కలప పడి ఉంది కదా, దాంతో ఏదో ఒకటి లేవదియ్. ఏడాది నిలబడితే చాలు" అన్నాడు పొడుగు ఫాదర్.

కలప బంగారంలాంటిది, అందులో వంక పెట్టడానికి లేదు. పాత చాపెల్ దూలాలు కోసి గుంజలు చేశాడు. తలుపులు తలుపులుగానే వాడాడు. పైన రేకులు, చుట్టూ చెక్క గోడలు. మంచాలకు కలప చాలలేదు. అప్పుడు చాపెల్లో ప్రార్థనకు కూర్చునే పొడవాటి బెంచీలు రెండేసి తెచ్చి ఎదురెదురుగా పెట్టి బోల్టులతో కలిపేశాడు. వీపు ఆనించుకునే చెక్కలు అటూ ఇటూ గోడల్లా నిలబడ్డాయి, మధ్యలో పరుపు. పొడుగు ఫాదర్ వచ్చి చూసి, ఇందులో పడుకున్న పిల్ల కింద పడమన్నా పడదు అని మెచ్చుకున్నాడు.

ఇబ్బందల్లా గుంజల దగ్గరే వచ్చింది. కింద సిమెంటు దిమ్మెలు పోసి వాటి మీద నిలబెడదామని మేస్త్రి అన్నాడు. ఉన్న సిమెంటంతా హాస్టలు పునాదులకు పోతోంది.

"ఏడాది ముచ్చటకు దిమ్మెలెందుకయ్యా? గుంత తీసి పాతెయ్" అన్నాడు ఫాదర్.

పాతేశాడు. ఆ నేల మెత్తటి మట్టి. వాన పడితే గుంజ చుట్టూ నేల కుంగుతుంది, గుంజ వదులవుతుంది, గట్టి గాలి వస్తే ఒరుగుతుంది. ఏడాదికైతే ఫరవాలేదు. ఆ మాట మేస్త్రి తనకు తాను చెప్పుకున్నాడు, ఫాదర్‌కు చెప్పాడు, ఆఖరికి తాళంచెవి అప్పగించే రోజున వార్డెన్ సిస్టర్‌కు కూడా చెప్పాడు.

ఈ వార్డెన్ సిస్టర్ పొట్టి మనిషి. గొంతు మాత్రం మైదానం అవతలికి వినబడేది. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంటే మేస్త్రి బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సిస్టర్, ఒక మాట. ఈ గుంజలకు కింద దిమ్మెల్లేవు. ఉత్త మట్టిలో పాతాను. వానలకు కుంగుతాయి. ఏడాదికని కట్టింది ఇది, పిల్లలు జాగ్రత్త" అన్నాడు.

సిస్టర్ ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసింది.

"సరే. ఇవాళ్టి నుంచి మగవాళ్ళెవరూ ఈ గడప దాటకూడదు. నువ్వు కూడా" అంది. తలుపు వేసేసింది.

ఆ తలుపు బిగించింది మేస్త్రే. అది తన ముక్కు మీదే మూసుకోవడం ఆయనకు జన్మలో మరిచిపోలేని అవమానమైంది. రాయితో మాట్లాడినా ఇంతకంటే నయమని ఆ సాయంత్రం భార్యతో అన్నాడు. తర్వాత కూడా చాలాసార్లు అన్నాడు.

ఏడాది అయింది. హాస్టలు లేచింది. లేచేసరికి ఆడపిల్లలు రెట్టింపయ్యారు. హాస్టలు నిండిపోయి, మిగిలినవాళ్ళు షెడ్డులోనే ఉండిపోయారు. ఇంకో హాస్టలు కట్టారు, అదీ నిండింది. ఇక షెడ్డు ఖాళీ అయ్యే ప్రసక్తే లేకపోయింది. మేస్త్రి పొడుగు ఫాదర్ దగ్గరికి వెళితే వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఆయన తర్వాత వచ్చిన లావుపాటి ఫాదర్, దేవుడున్నాడు మేస్త్రీ అని భుజం తట్టాడు. దేవుడు ఉన్నాడు, కాదన్నదెవరు? దిమ్మెలు లేవు, అదీ మేస్త్రి గోల. ఆ తర్వాతాయన కమిటీలో పెడతానన్నాడు. కమిటీలో పెట్టిన మాట మళ్ళీ బయటికి రావడం ఏ కాలేజీలోనైనా ఎవరు చూశారు?

అలా వచ్చిన ప్రతి ప్రిన్సిపాల్‌కూ, కనబడిన ప్రతి లెక్చరర్‌కూ, "అది ఏడాదికని కట్టిందండీ" అని చెప్పీ చెప్పీ ఆయనకు ఏడాది మేస్త్రి అని పేరు పడిపోయింది. తోటమాలి దగ్గర్నుంచి వంటమనిషి దాకా అందరూ అలాగే పిలిచేవారు. ఆయన మొదట్లో ఉడుక్కున్నాడు, తర్వాత పలకడం మొదలుపెట్టాడు.

ఆకాశం మబ్బు పడితే చాలు, మేస్త్రి చేతిలో పని ఎక్కడిదక్కడ ఆగిపోయేది. భోజనం ముందు కూర్చున్నా సరే, చేయి కడుక్కుని సైకిలెక్కేవాడు. కొత్త చాపెల్ వరండా షెడ్డుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. గాలివాన ఉన్నంతసేపూ అక్కడ నిలబడి షెడ్డు వంక గుడ్లప్పగించి చూసేవాడు. రేకులు దడదడలాడుతుంటే ఆయన గుండె కూడా దడదడలాడేది. లోపల ఆడపిల్లలు పాటలు పాడుకుంటూ ఉండేవారు. వాళ్ళ పాట వినబడుతున్నంతసేపూ కప్పు కూలలేదని ఆయనకు గుర్తు. వాన వెలిశాక నిచ్చెన వేసుకుని పైకెక్కి, ఒక్కో రేకునూ తడిమి, వదులైన బోల్టల్లా బిగించి, తడి బట్టలతో ఇంటికి చేరేవాడు.

"మీరు పెళ్ళి చేసుకుంది నన్నా, ఆ షెడ్డునా?" అనేది భార్య తువ్వాలు అందిస్తూ.

"ఈ ఇల్లు నీ మీద పడితే ఒక్కదానివే పోతావు. అది పడితే ముప్పై మంది" అనేవాడాయన. పెళ్ళాంతో అనదగిన మాట కాదు గానీ, ఆ మనిషికి మాట నేర్పు ఏనాడూ లేదు.

కూతురు అదే కాలేజీలో చేరినప్పుడు స్నేహితురాళ్ళతో పాటు షెడ్డులో ఉంటానని ఏడ్చి మొత్తుకుంది. మేస్త్రి వినలేదు. మూడేళ్ళూ ఆ పిల్ల ఇంటి నుంచే రెండు బస్సులు మారి వెళ్ళింది. ఆ కోపం దాని మనసులో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు దాని కూతురి వంతు వచ్చింది.

"నన్నెలాగూ ఉండనివ్వలేదు. దాన్నయినా ఉండనియ్యి నాన్నా" అంది కూతురు తన ఊరి నుంచి ఫోను చేసి.

"మన ఇంట్లో ఉండకూడదా? నేను లేనా, మీ అమ్మ లేదా?"

"నీ రంపం మోత మధ్య చదివి నేను తెచ్చుకున్న మార్కులు చాల్లే."

వానాకాలం వెళ్ళిపోతుండగా మనవరాలు ట్రంకుపెట్టె తెచ్చుకుని షెడ్డులో దిగిపోయింది. ఆదివారాలు తాతయ్య ఇంటికి వచ్చినప్పుడల్లా బెంచీల మంచం గురించీ, వాన పడితే రేకుల చప్పుడు గురించీ కళ్ళు పెద్దవి చేసుకుని చెప్పేది. మేస్త్రి వింటూ ఊఁ కొట్టేవాడు గానీ నోట్లోది మింగుడు పడేది కాదు. చలికాలం గడిచింది, ఎండలు ముదిరాయి. అవతల వానలు కాచుకుని కూర్చున్నాయి. ఆ వానలు మొదలయ్యేలోపు ఆ పిల్లను అక్కణ్నుంచి బయటికి తేవాలి, లేదా షెడ్డునే నేలమట్టం చేయించాలి. ఇంకో దారి ఆయనకు కనబడలేదు.

మరొకసారి వెళ్ళి ప్రిన్సిపాల్ ఫాదర్ ముందు నిలబడ్డాడు. ఈయన కొత్తాయన, వయసులో చిన్నవాడు, మెట్లు రెండేసి ఎక్కుతాడు. మేస్త్రి తన పాత పాట మొదలుపెట్టి, మధ్యలో ఎప్పుడు ఆపమంటాడా అని ఎదురుచూశాడు. ఆయన ఆపమనలేదు. చివరిదాకా విన్నాడు.

"సెలవులివ్వగానే పడగొట్టిద్దాం మేస్త్రి గారూ. పిల్లల్ని లైబ్రరీ మేడ మీద సర్దుదాం" అన్నాడు.

మేస్త్రి తన చెవుల్ని తాను నమ్మలేదు. ఇంటికొచ్చి భార్యకు రెండుసార్లు చెప్పాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

కానీ కాలేజీ అన్నాక మాట దాగుతుందా? షెడ్డు పడగొడుతున్నారన్న కబురు ఎక్కడెక్కడో ఉన్న పాత విద్యార్థినుల చెవిన పడింది. ఒక శనివారం పొద్దున్నే బిలబిలమంటూ దిగారు. తల నెరిసినవాళ్ళు, మోకాళ్ళు పట్టుకుని నడిచేవాళ్ళు, ఆఫీసులు ఏలేవాళ్ళు, మనవల్ని ఇంట్లో వదిలి వచ్చినవాళ్ళు. అందరికీ ముందు ఒక లాయరమ్మ. మొదటి జట్టులో ఆ షెడ్డులో మూడేళ్ళు ఉన్న మనిషి. కోర్టులో జడ్జీలే ఆవిడ ముందు నీళ్ళు నములుతారని చెప్పుకుంటారు. ప్రిన్సిపాల్ గదిలో కుర్చీలు చాలక సగం మంది గోడకు ఆనుకుని నిలబడ్డారు. మేస్త్రిని కూడా పిలిచారు.

"అది మా పుట్టిల్లు ఫాదర్. దాని మీద గునపం వేయడానికి వీల్లేదు" అంది లాయరమ్మ.

"పుట్టిల్లే అమ్మా, కూలుతుంది మరి" అన్నాడు మేస్త్రి.

"నలభై ఏళ్ళు నిలబడింది కదయ్యా!"

"నిలబడలేదమ్మా. పడలేదంతే."

గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా మెడలు చాచి ఆయన వంక చూశారు. మేస్త్రికి ధైర్యం వచ్చింది. ఇన్నేళ్ళలో తన మాటకు ఒక గది నిండా జనం చెవి ఒగ్గడం ఇదే మొదలు. దాంతో ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఎందుకు ఈ వాదన? అందరూ నాతో రండి. మూల గుంజను ఒంటి చేత్తో ఊపి చూపిస్తాను. కదలకపోతే ఇంక జన్మలో ఈ మాట ఎత్తను."

"మీరు చివరిసారి ఎప్పుడు చూశారు ఆ గుంజల్ని?" అని అడిగాడు ఫాదర్.

"తాళంచెవి ఇచ్చిన రోజున."

"ఆ తర్వాత?"

"మగవాళ్ళు గడప దాటకూడదు కదా ఫాదర్. మంచం విరిగితే పిల్లలు బయట పెట్టేవారు, వాకిట్లోనే బాగుచేసి ఇచ్చేవాణ్ని. పైకప్పు నిచ్చెన మీంచి చూసుకునేవాణ్ని. లోపలికి వెళ్ళింది లేదు."

ఫాదర్ నవ్వాపుకుని లేచాడు. సెలవులకు పిల్లలంతా సామాన్లు కట్టుకుంటున్న రోజు అది. వార్డెన్‌కు కబురు పెట్టి, షెడ్డు తలుపులు బార్లా తెరిపించి, అందరూ బయల్దేరారు. మేస్త్రి మనవరాలు ట్రంకుపెట్టె మీద కూర్చుని తాళం పడక అవస్థ పడుతోంది. గుంపు మధ్యలో తాతయ్యను చూసి నోరు తెరిచింది.

గడప దగ్గర మేస్త్రి కాలు ఆగిపోయింది. ఎవరో ఇప్పుడు అరుస్తారని అనిపించింది. ఎవరూ అరవలేదు. లోపలికి అడుగుపెట్టాడు. ఆయన బెంచీల మంచాలు రెండు వరసల్లో అలాగే ఉన్నాయి. ఎంతమంది వీపులు రాసుకున్నాయో, చెక్క నున్నగా మెరుస్తోంది. చిత్రిక పట్టినా ఆ నునుపు రాదు. తను కట్టినది ఇంత బాగుంటుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. భయంలో పడి దాన్ని ముద్దుగా చూసుకునే తీరికే దొరకలేదు మరి. కాసేపు ఒక మంచం అంచు మీద చేయి వేసి నిలబడ్డాడు. తర్వాత వచ్చిన పని గుర్తు తెచ్చుకుని మూల గుంజ దగ్గరికి నడిచాడు.

అరచేయి ఆనించి తోశాడు. గుంజ కదల్లేదు. రెండు చేతులూ వేసి తోశాడు. భుజం ఆనించి, కాళ్ళు నేలకు తన్నిపెట్టి, మెడ నరాలు ఉబ్బేలా తోశాడు. గుంజ ఉలకలేదు, పలకలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పక్క గుంజ దగ్గరికి వెళ్ళాడు, దాని పక్కదాని దగ్గరికి వెళ్ళాడు. అన్నీ అంతే. మేస్త్రి చొక్కా చెమటతో తడిసింది.

"పెద్దవాడినయ్యాను, బలం తగ్గింది. ఒక గునపం తెప్పించండి" అన్నాడు.

తోటమాలి గునపం తెచ్చాడు. మేస్త్రి మూల గుంజ మొదట్లో పోటు వేశాడు. ఖంగుమంది. ఇంకో పక్క వేశాడు, అక్కడా ఖంగుమంది. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో పైమట్టి తోసి చూశాడు. కింద మట్టి లేదు. కంకర. కంకర మీద కంకర, సందుల్లో సున్నం, ఇటుకముక్కలు, అన్నీ కలిసి ఒకే బండ అయిపోయాయి. గుంజ మొదలుకు నల్లగా నూనె పట్టించి ఉంది. చెద పురుగు వాసన కూడా చూసినట్టు లేదు. మేస్త్రి అలాగే కూర్చుని తలెత్తాడు.

"ఇది ఎవరు వేశారు?"

ముందుగా లాయరమ్మే చేతిలో సంచీ మంచం మీద పడేసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"మేమేనయ్యా! ఆలస్యంగా వచ్చినందుకు!"

అప్పుడు అందరూ ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టారు. అందులోంచి మేస్త్రికి అర్థమైంది ఇది. సాయంత్రం గంట కొట్టాక గేటు దాటి వచ్చిన పిల్లకు వార్డెన్ సిస్టర్ వేసే శిక్ష ఒక బకెట్ కంకర. హాస్టళ్ళో, ఇంకొకటో కడుతున్న చోట ఎప్పుడూ కంకర కుప్పలు ఉండేవి. పనివాళ్ళంతా ఇళ్ళకు వెళ్ళాక అక్కణ్నుంచి మైదానం అంతా మోసుకొచ్చి, తన మంచం పక్కనున్న గుంజ మొదట్లో పోసి, ఇనుప దిమ్మిసతో కొట్టాలి. సిస్టర్ వచ్చి తన బూటు మడమతో నొక్కి చూసేది. మడమ దిగిందా, ఇంకో బకెట్. ప్రార్థనలో గుసగుసలాడిన వాళ్ళకు వేరే శిక్ష. మోటారు గ్యారేజీ నుంచి తెచ్చిన మడ్డి ఆయిల్ గుంజ మొదలుకు బ్రష్షుతో పూయాలి.

"ఎందుకని అడగలేదా మీరు?" అన్నాడు మేస్త్రి.

"ఎందుకేమిటి, శిక్ష కదా! సిస్టర్‌కు మా మీద కసి అనుకున్నాం" అంది ఒకావిడ. "నా అరచేతులు బొబ్బలెక్కి పరీక్షలో పెన్ను పట్టుకోలేకపోయాను. ఎన్ని తిట్టుకున్నానో ఆవిణ్ని."

"ఇదిగో, ఈ గుంజ నాది!" అని ఇంకో మూల నుంచి కేక. "దీని కింద నాది కనీసం ఒక లారీ కంకర ఉంటుంది." పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళు పమిటలు దోపుకుని, వంగి, ఎవరి గుంజ వాళ్ళు వెతుక్కున్నారు. ఇప్పటి వార్డెన్ సిగ్గుపడుతూ, ఆ శిక్ష ఇంకా నడుస్తోందని ఒప్పుకుంది. ముందు నుంచీ వస్తున్న ఆచారం కదా అని తనూ కొనసాగించిందట, ఎందుకో తనకూ తెలియదు.

"నేనూ రెండు వేశాను తాతయ్యా" అంది మనవరాలు ట్రంకుపెట్టె మీంచి.

"నువ్వా? ఎందుకు?"

"మొన్న సినిమాకెళ్ళి..." అని నాలుక కరుచుకుంది.

మామూలుగా అయితే ఆ సినిమా మీద ఆ పిల్లకు అరగంట పాఠం పడేది. ఆ రోజు మేస్త్రికి ఆ సినిమా చెవికెక్కనే లేదు. గునపం కింద పెట్టి లేచాడు. పక్కనే ఉన్న బెంచీల మంచంలో కూర్చుండిపోయాడు. కొంపదీసి ఏమైనా అయిందేమోనని ఫాదర్ మంచినీళ్ళు తెప్పించాడు. ఏమీ కాలేదు. నలభై ఏళ్ళుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలితే మనిషి అలాగే అవుతాడు. పడదు. ఇది పడదు. పిల్ల క్షేమం. పిల్లలందరూ క్షేమం. ఆ మాట లోపల్లోపల ఎన్నిసార్లు అనుకున్నా ఆయనకు తనివి తీరలేదు.

"మరి పడగొట్టమంటారా మేస్త్రి గారూ?" అన్నాడు ఫాదర్.

"నా కంఠంలో ప్రాణం ఉండగా వీల్లేదు" అన్నాడు మేస్త్రి.

ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మాట మార్చినందుకు ఆయనకు రవ్వంత సిగ్గు కూడా వేయలేదు. అయినా ఒక ఇంజనీరును పిలిపించి పూర్తిగా చూపిద్దామని ఫాదర్ అన్నాడు. అదీ మంచిదే. వానలు రాకముందే ఆయన వచ్చి చూసి, కింద అంతా భేషుగ్గా ఉంది, పైన రేకులు కొన్ని మారిస్తే సరిపోతుందని రాసిచ్చాడు కూడా. కానీ అది తర్వాతి మాట.

ఆ శనివారం మేస్త్రి సంతోషంతో షెడ్డు బయటికి వచ్చి సైకిలు తీయబోయి, తీయకుండా నిలబడ్డాడు. సంతోషం కింద నుంచి ఇంకొకటి మెల్లగా పైకి పొంగింది. కోపం. ఆ పాత వార్డెన్ సిస్టర్‌కు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. గాలివానలో తను చాపెల్ వరండాలో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ రోజులన్నీ ఆవిడ ఆ గోడకు అవతలే ఉంది. తలుపు కొంచెం తెరిచి, మేస్త్రీ ఇంటికి పో, ఏం భయం లేదు అని ఒక్క మాట అంటే ఆవిడ సొమ్మేం పోయింది? సైకిలు అక్కడే వదిలేసి కాన్వెంటు వైపు విసవిసా నడిచాడు.

వయసు మళ్ళిన సిస్టర్లు ఉండే గదులు కాన్వెంటు వెనక వైపు ఉన్నాయి. పాత వార్డెన్ సిస్టర్ వరండాలో వాలుకుర్చీలో కూర్చుని దిండు గలేబుకు కుట్టు వేస్తోంది. మనిషి ఇంకా పొట్టిదైపోయింది. అడుగుల చప్పుడుకు తలెత్తింది.

"ఎవరది?"

"నేను సిస్టర్. వడ్రంగి మేస్త్రిని."

"ఇప్పుడేం విరిగింది?"

"ఏమీ విరగలేదు. గుంజలు చూసొచ్చాను."

సిస్టర్ సూది ఆపింది. "లోపలికెళ్ళావా? ఎవరు రానిచ్చారు?"

"ప్రిన్సిపాల్ ఫాదరే తీసుకెళ్ళారు" అన్నాడు మేస్త్రి. కోప్పడదామని వచ్చినవాడు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "గుంజలన్నీ బండల్లో ఉన్నాయి సిస్టర్. అంత పని చేయించారు, నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా?"

"నాకు చెప్పింది నువ్వే కదయ్యా! కింద దిమ్మెల్లేవు, పిల్లలు జాగ్రత్త అన్నావు. విన్నాను. నాకు చేతనైనట్టు వేయించాను. అందులో మళ్ళీ నీకు చెప్పడానికేముంది?"

మేస్త్రి వచ్చిన ప్రతి ప్రిన్సిపాల్‌కూ చెప్పాడు, కనబడ్డవాడల్లా నవ్వాడు. విన్న ఒక్క మనిషి మీదే ఇన్నేళ్ళూ పళ్ళు నూరుతూ వచ్చాడు.

"మరి నేను వానల్లో చాపెల్ దగ్గర నిలబడేవాణ్ని..." అన్నాడు.

"చూసేదాన్ని. కిటికీలోంచి."

"చూసి కూడా ఊరుకున్నారా!"

"మొదట్లో చెబుదామనే అనుకున్నాను. కానీ వాన వెలవగానే నువ్వు నిచ్చెనేసుకుని ఎక్కేవాడివి. రేకులన్నీ తడిమి, బోల్టులు బిగించి మరీ వెళ్ళేవాడివి. పిలవకుండానే వచ్చి చేసేవాడివి. నీకు భయం పోయిందనుకో, పైకెవరు ఎక్కుతారు? నాకు నిచ్చెనెక్కడం రాదు, పిల్లల్ని ఎక్కించలేను. అందుకని ఊరుకున్నాను. కింది సంగతి నేను చూసుకున్నాను, పై సంగతి నువ్వు చూసుకున్నావు. ఒక్క పిల్లకైనా గీత పడిందా?"

"లేదు సిస్టర్."

మేస్త్రి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. కోపం కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. కళ్ళు మాత్రం తడిశాయి. ఆ షెడ్డు బరువంతా తన ఒక్కడి నెత్తినే ఉందనుకుని నలభై ఏళ్ళు బతికాడు. అవతలి పక్క ఇంకొకరు పట్టుకుని ఉన్నారని ఇవాళ తెలిసింది. సిస్టర్ ఆయన్ని చూడనట్టే దారం తెంపి సూదిని డబ్బాలో పెట్టింది.

"నాకు తేలిగ్గా ఏం లేదులే. నిన్ను అలా భయపడనిచ్చానని పాపసంకీర్తనంలో, ఫాదర్ ముందు మోకరిల్లి నా తప్పుగా ఒప్పుకునేదాన్ని. ప్రతి ఏడాదీ, వానలు అయిపోగానే" అంది.

మేస్త్రి తల తిప్పి చూశాడు.

"ఫాదర్ ఏమనేవారు?"

"ఏమంటారు? ముందు వెళ్ళి మేస్త్రితో చెప్పు అనేవారు. ఎంతమంది ఫాదర్లు మారినా అదే మాట." సిస్టర్ గలేబు మడత పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. "ఇప్పటికి చెప్పాను."

మేస్త్రికి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూశాడు గానీ ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూనే పెద్దగా నవ్వేశాడు.